నాలుగు తర్వాత నాలుగు

వంతెన దిగే చోట, ఆదివారాలు మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా, రెండు ఇనప అడ్డుకంచెల మధ్య నిలబడి బండ్లు లెక్కపెట్టే హెడ్ కానిస్టేబుల్‌కి ఊళ్లో లెక్కలమ్మ అని పేరు. నిజానికి బళ్లో చదివే రోజుల్లో ఆమెకి లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరు మార్కులే. ఆ సంగతి తనే చెప్పి నవ్వేది. "నా ఉద్యోగానికి ఐదు దాకా వస్తే చాలు" అనేది.

ఆమె పద్ధతి చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉండేది. బండి వచ్చి నెమ్మదించగానే చెయ్యెత్తి ఒక వేలు చూపించి "ఒకటి" అని పైకే అనేది. ఆ బండి వెళ్లిపోవచ్చు. తర్వాతి దానికి రెండు వేళ్లు. నాలుగో బండి దాకా బొటనవేలు అరచేతిలోకి మడిచే ఉండేది. ఐదో బండికి బొటనవేలు విచ్చుకునేది. అరచెయ్యి మొత్తం చూపిస్తే ఆగమని ఎవరికైనా అర్థమవుతుంది కాబట్టి అరవాల్సిన పనిలేదు. ముందున్న కానిస్టేబుల్ ఆ బండిని పక్కకి తీయించేవాడు. ఆమె తాగి నడిపేవాళ్లని పట్టే ఊపిరి మిషన్‌కి కొత్త గొట్టం తగిలించుకుని వెళ్లి, "గట్టిగా ఊపిరి పీల్చుకుని ఊదండి, నేను చాలనేదాకా" అనేది. లోపల కూర్చున్నది ఆసుపత్రి పెద్ద డాక్టరైనా, చెత్తలారీ డ్రైవరైనా అదే మాట, అదే గొంతు.

ఈ అంకెల గొడవ రాకముందు, అనుమానం వచ్చినవాణ్ణి ఆపమన్నదే పద్ధతి. అనుమానానికి కళ్లుంటాయి, ఆ కళ్లకి అలవాట్లుంటాయి. నలిగిన చొక్కా మీద వచ్చినంత సులువుగా ఇస్త్రీ చొక్కా మీద అనుమానం రాదు. ఆటోలూ పాత స్కూటర్లూ వరసగా ఆగేవి, పొడుగాటి కార్లు సర్రున జారిపోయేవి. ఒకసారి అలా జారిపోయిన కారే వంతెన అవతల ఒక సైకిలాయన్ని గుద్దేసింది. ఆ మర్నాడు ఆమె ఎస్సై దగ్గరికెళ్లి, ఇకనుంచి మొహాలు చూడకుండా ప్రతి ఐదో బండినీ ఆపుదాం సార్ అంది.

"ఇదేమన్నా దాగుడుమూతలాటా అమ్మా, అంకెలు లెక్కపెట్టడానికి?" అన్నాడు ఎస్సై.

"అంతే సార్. అందులోనూ కళ్లు మూసుకునే కదా లెక్కపెడతారు."

ఎస్సైకి నవ్వొచ్చింది. నవ్వొచ్చిన మనిషి సంతకం పెట్టడం తేలిక. అలా ఆ నియమం స్టేషన్ రిజిస్టరులోకి ఎక్కింది.

ఆమె ఆ నియమాన్ని అంత పట్టుకు వేలాడ్డానికి ఒక కారణం ఉంది. అంతకుముందు తొమ్మిదేళ్లు స్టేషన్లో ఆమె పని వేరు. రోడ్డు మీద ఎవరైనా పోతే వాళ్లింటికి వెళ్లి ఆ మాట చెప్పిరావడం. ఆడమనిషి చెబితే మెత్తగా ఉంటుందని మగవాళ్లంతా కలిసి ఆ పని ఆమె నెత్తిన పెట్టారు. ఆ మాటని మెత్తగా చెప్పే దారి ఏదీ లేదని ఆమెకి రెండో ఇంట్లోనే తెలిసింది. చిన్న దెబ్బే అని మొదలుపెట్టకూడదు. గుమ్మంలో నిలబడి చెప్పకూడదు. అన్నిటికన్నా ముందు వంటగదిలోకి చూసి, "ఒకసారి స్టవ్ కట్టేసి రండమ్మా" అనాలి. లేకపోతే ఆ ఇంట్లో ఆ రోజు ఏదో ఒకటి మాడుతుంది, మాడిన వాసన వాళ్లకి జన్మంతా గుర్తుంటుంది. పదిహేడు ఇళ్లలో ఆమె అలా స్టవ్ కట్టేయించింది. వాటిలో పదకొండు తాగి నడిపినవాళ్ల చలవే. అందుకే అడ్డుకంచెల మధ్య ఎండలో నిలబడే పని దొరికినప్పుడు పండగ చేసుకుంది. ఇంటికి వెళ్లి చెప్పాల్సిన మాటని రోడ్డు మీదే ఆపుతున్నాననుకునేది. అది నిజం కూడా. ఐదో బండి నియమం వచ్చిన నాలుగేళ్లలో వంతెన దారిలో అలాంటి చావులు సగానికి సగం తగ్గాయి.

ఆమెకి ఒక తమ్ముడున్నాడు. అమ్మ పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్లు, ఈమెకి పంతొమ్మిది. బువ్వ కలిపి పెట్టడం దగ్గర్నుంచి పెళ్లి చెయ్యడం దాకా అన్నీ ఈమే. చేతిలో పనున్నవాడు. చచ్చిన ఫ్రిజ్‌ని కూడా లేపి కూర్చోబెడతాడని పేరు. కానీ ఇరవై ఐదో ఏట పట్టుకున్న గ్లాసు ముప్ఫై ఆరేళ్లొచ్చినా వదల్లేదు. పెళ్లాం పుట్టింటికి పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. మానేశానక్కా అని ఏడుసార్లు చెప్పాడు. ఏడుసార్లూ అక్క నమ్మింది. ఎనిమిదోసారి చెప్పబోతుంటే, "నీ మాటలు నాకొద్దురా. దగ్గరికొచ్చి ఊపిరి వదులు, అది చాలు" అంది. అప్పట్నుంచి వాడు ఇంటికొచ్చినప్పుడల్లా గడపలోనే నిలబెట్టి వాసన చూసేది. ఒకసారి పక్కింటివాళ్లు చూస్తుండగా కూడా చూసింది. ఆ తర్వాత వాడు రావడం తగ్గించాడు. దోషి కాబట్టే మొహం చాటేస్తున్నాడని ఆమె అనుకుంది.

అలా ఉండగా ఒక ఆదివారం నాలుగున్నర గంటలకి, ఆమె నాలుగో బండిని పంపించి తలెత్తేసరికి, ఎదురుగా తమ్ముడి మోటార్ సైకిల్ ఉంది.

హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టుకున్నాడు. కళ్లు నిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి. ఆమె వైపే చూస్తూ అదోలా నవ్వుతున్నాడు. పట్టపగలు, హెల్మెట్ కూడా లేకుండా, తాగి సరాసరి తన చేతుల్లోకే వచ్చాడు వెధవ. ఊదిస్తే కేసు, లైసెన్సు పోతుంది, బండి లేకపోతే ఇంటింటికీ తిరిగి చేసే పని పోతుంది, పని పోతే మళ్లీ గ్లాసే గతి. ఇదంతా ఆలోచించడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకే తెలియదు. ఎత్తిన చేతిలో నాలుగు వేళ్లున్నాయి. బొటనవేలు విచ్చుకోలేదు.

"నాలుగు" అంది రెండోసారి.

తమ్ముడి నవ్వు పోయింది. ఒక్క క్షణం ఆ చేతివంకే చూశాడు. వెనక హారన్ మోగింది. హెల్మెట్ తగిలించుకుని వెళ్లిపోయాడు. ఆమె చూపు మరల్చుకుని తర్వాతి బండికి ఐదు వేళ్లూ విప్పింది. అది బేకరీ రొట్టెల వ్యాను.

రొట్టెల వ్యాను డ్రైవరు తోడల్లుడింట్లో భోంచేసి, రెండు గ్లాసుల బీరు తాగి, సాయంత్రం దుకాణాలకి వెయ్యాల్సిన సరుకుతో బయల్దేరిన మనిషి. వయసు యాభై. మిషన్ చూడగానే, "మేడం, నేను ఆరోవాణ్ణి" అన్నాడు.

"ఊదండి" అంది ఆమె.

"ఊదుతాను, ఊదనని కాదు. కానీ నేను ఆరోవాణ్ణి మేడం. ముందు ఆ మోటార్ సైకిలు ఐదు."

"ఊదండి."

ఊదాడు. పరిమితి దాటింది. మరీ ఎక్కువ కాదు కానీ, దాటింది. కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు మూడోసారి కూడా అదే మాటన్నాడు. కానిస్టేబుల్ పగలబడి నవ్వి, "తాగినోడికి లెక్కలెక్కడ తెలుస్తాయి బాబాయ్!" అన్నాడు. ఆమె నవ్వలేదు, అలాగని కాదనీ అనలేదు. ఆ సాయంత్రం రిజిస్టరులో లెక్క అంతా సరిగ్గానే ఉన్నట్టు రాసింది.

అతనికి ఆరు నెలలు లైసెన్సు ఆపేశారు. బేకరీ వాళ్లు వ్యాను వేరే అతనికిచ్చి ఇతన్ని ట్రేలు ఎక్కించే పనిలో పెట్టారు. ఆరు నెలలయ్యాక లైసెన్సు తిరిగొచ్చింది కానీ వ్యాను రాలేదు. అతను దానికీ పెద్దగా బాధపడలేదు, తప్పు చేశాను కదా అన్నాడు. ఆరోవాణ్ణి అన్న మాటని మాత్రం వదల్లేదు. బేకరీలో అతనికి 'ఆరు' అని పేరు పడింది. "ఆరూ, ఇటు రా", "ఆరుగారికి టీ" అంటూ ఆటపట్టించేవాళ్లు. ఆఖరికి ఇంట్లో పిల్లలు కూడా. పాతికేళ్లుగా పొద్దున్నే ట్రేలు లెక్కపెట్టి ఎక్కించుకుని, దుకాణం దుకాణానికీ లెక్కపెట్టి దించి, ఒక్క రొట్టె తేడా రానివ్వని మనిషి. తాగుబోతువి అంటే ఊరుకున్నాడు. లెక్క తెలియదంటే ఊరుకోలేకపోయాడు. వంతెన దగ్గర లెక్క తప్పుతోంది, విచారించండి అని మునిసిపల్ కౌన్సిలుకి అర్జీ పెట్టాడు.

ఆ అర్జీ ఒక ప్లీడరు చేతిలో పడింది. ప్లీడరుకి రొట్టెల డ్రైవరు మీదకన్నా తనిఖీల మీద ఎక్కువ ఆసక్తి. ఏ తప్పూ చెయ్యని మనిషిని పోలీసులు రోడ్డు మీద ఆపడమేమిటని చాలాకాలంగా పేపర్లకి ఉత్తరాలు రాస్తున్న మనిషి. గోరంతకి కొండంత ఊపొచ్చింది. వంతెన దగ్గర తనిఖీ ఉండాలా, ఎత్తెయ్యాలా అని కౌన్సిలు బహిరంగ విచారణ పెట్టింది. వాళ్లు వద్దంటే ఇక లేనట్టే. అప్పటికి ఆ ఆదివారం గడిచి పదకొండు నెలలైంది.

హాలు నిండిపోయింది. ప్లీడరు ముందు లేచాడు. మంచి వక్త. "వందమందిని ఊదిస్తే ముగ్గురు దొరుకుతున్నారు. ఆ తొంభై ఏడుమంది చేసిన పాపమేంటి? పెళ్లాం బిడ్డల ముందు, నువ్వు తాగలేదని రుజువు చేసుకో అనడం మర్యాదేనా? నేరం చేసినట్టు కనబడితే ఆపండి, కాదన్నదెవరు?" అన్నాడు. చాలామంది తలలూపారు.

ఆసుపత్రిలో అత్యవసర విభాగం నర్సు లేచి, ఆదివారం సాయంత్రాలు నాలుగేళ్ల కింద ఎన్ని మంచాలు నిండేవో, ఇప్పుడెన్ని నిండుతున్నాయో చెప్పి, ఆ తొంభై ఏడుమందిలో ఎవరు ఆ మంచాల మీదకి రాకుండా మిగిలారో ఎవరికి తెలుసునంది. దానికీ తలలూపారు. కొందరు రెండుసార్లూ ఊపారు. ఆటో డ్రైవర్ల సంఘం తరఫున వచ్చినాయన మాత్రం సూటిగా మాట్లాడాడు. "అనుమానం వస్తే ఆపాలంటే మళ్లీ మమ్మల్నే ఆపుతారు సార్. మా మొహాలే అనుమానం. లెక్కలమ్మ వచ్చాకే కార్లు కూడా ఆగుతున్నాయి. ఆవిడ లెక్కకి మామా అల్లుడూ తేడా లేదు. ఆ లెక్క ఉండనివ్వండి చాలు."

హాల్లో చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఎస్సై పక్కన కూర్చున్న లెక్కలమ్మకి ఆ చప్పట్లు ఒంటి మీద తేళ్లు పాకినట్టున్నాయి.

చివర్లో రొట్టెల డ్రైవర్ని పిలిచారు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకొచ్చాడు. "తాగానండి. ఆ రోజే ఒప్పుకున్నాను. శిక్ష పడాల్సిందే, పడింది. నేనడిగేది ఒక్కటే. నేను ఆరోవాణ్ణి. ఆవిడ నాలుగు తర్వాత మళ్లీ నాలుగు వేళ్లు చూపించారు. నేను చూశాను" అన్నాడు.

వెనక వరసల్లోంచి ఎవరో, "ఒకటి రెండుగా కనబడే టైములో చూసుంటాడు!" అన్నారు. హాలంతా ఘొల్లుమంది. కౌన్సిలు అధ్యక్షురాలు కూడా పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. అతను నవ్వులు తగ్గేదాకా నిలబడి, "ఆరోవాణ్ణండి" అని మళ్లీ చెప్పి, తలొంచుకున్నాడు. ఆమెకి సిగ్గేసింది. పదిహేడు ఇళ్లలో ఎంత కష్టమైన మాటైనా నోటితో చెప్పి వచ్చిన మనిషి, ఒక అంకె చెప్పడానికి పదకొండు నెలలు నోరు మెదపలేదు. ఇప్పుడూ మెదపకపోతే తనిఖీ మిగులుతుంది, ఉద్యోగం మిగులుతుంది, ఈ మనిషి చచ్చేదాకా 'ఆరు'గా మిగిలిపోతాడు.

లేచి నిలబడింది. ఎస్సై, "కూర్చో అమ్మా, నిన్నింకా పిలవలేదు" అన్నాడు.

"ఆయన చెప్పింది నిజం" అంది ఆమె. "ఆయన ఆరోవాడే. ఐదో బండి మా తమ్ముడిది. నాలుగు రెండుసార్లు అన్నాను. కావాలనే అన్నాను."

ప్లీడరు మెల్లగా లేచాడు. "కంచే చేను మేసిందన్నమాట. సరే, మీ తమ్ముడు ఆ రోజు తాగి ఉన్నాడా?"

"తెలీదు. ఊదించలేదు."

"మరెందుకు వదిలేశారు?"

"చూస్తే... తాగినట్టు అనిపించాడు."

"చూస్తే" అని ప్లీడరు ఆ మాటని హాలుకి మళ్లీ వినిపించాడు. ఇంకేమీ అడగలేదు.

రొట్టెల డ్రైవరు ఆమె వైపు చూశాడు. కోపమేమీ లేదు. చేతులు జోడించి, హాలంతటికీ వినబడేట్టు, "అదే కదండీ నేను మొదట్నుంచీ చెప్తున్నది" అని కూర్చున్నాడు. బయటికొచ్చాక ఎస్సై ఆమెని చెడామడా తిట్టాడు. నీ నిజాయితీ తగలెయ్యా, నాలుగేళ్ల పని నాలుగు మాటల్లో గంగలో కలిపేశావన్నాడు. సాయంత్రానికల్లా ఆమె సస్పెండయింది. మిషనూ గొట్టాల పెట్టే స్టేషన్లో అప్పగించి సంతకం పెట్టింది. కౌన్సిలు తేల్చేదాకా వంతెన దగ్గర తనిఖీ ఆపమన్నారు.

మర్నాడు పొద్దున్నే పేపరు చూడకముందే తమ్ముడికి తానే చెప్పాలని వాడి రిపేరు కొట్టుకి వెళ్లింది. ఈ పదకొండు నెలల్లో ఫోన్ చేసినప్పుడల్లా పనిలో ఉన్నానక్కా అని పెట్టేసేవాడు. గుమ్మంలో విప్పిన ఫ్రిజ్ తలుపులు ఆనించి ఉన్నాయి. లోపల వాడు కింద కూర్చుని గ్యాసుమంటతో రాగి గొట్టం అతుకుతున్నాడు. మంట ఆపి తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నీరు కారుతున్నాయి. ఆమె ఆ కళ్లనీ, గొట్టాన్నీ, చల్లారుతున్న ఎర్రటి అతుకునీ చూస్తూ నిలబడిపోయింది.

"విన్నాన్లే అక్కా. రాత్రే చెప్పారు" అన్నాడు.

"ఒరేయ్, ఆ రోజు..."

"ఆ ఆదివారం కూడా పనుండింది. ఒక హోటల్ వాళ్లది పెద్ద ఫ్రిజ్. పొద్దున్నుంచీ అతుకులే." మొహం తుడుచుకున్నాడు. "మానేసి అప్పటికి నూట తొంభై మూడు రోజులు. నీకు చెప్తే నమ్మవు, ఎనిమిదోసారి కదా. మిషన్ చెప్తే నమ్ముతావని ఆ రోడ్డు పట్టాను. రెండు ఆదివారాలు తిరిగాను. ఒకసారి రెండోవాణ్ణయ్యాను, ఒకసారి మూడు. ఆ రోజు ముందున్న బండికి నాలుగు వేళ్లు చూపించావు. లాటరీ తగిలినట్టనిపించింది. ఊదడానికి అడ్డమని హెల్మెట్ కూడా తీసి పెట్టుకున్నా."

ఆమె తలుపుల పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

"అందరినీ ఆపేదానివి. నన్ను ఆపలేదు" అన్నాడు తమ్ముడు. "తాగినోణ్ణని పట్టుకున్నా అంత బాధ ఉండేది కాదక్కా. అడక్కుండానే తేల్చేశావు. హాల్లో కూడా అదే చెప్పావంట."

ఏం చెప్పినా తక్కువే. తప్పయిపోయిందిరా అంది. కళ్లనీళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత, అక్క కాబట్టి, ఇన్నేళ్లుగా అలవాటైన నోరు కాబట్టి, అడిగేసింది.

"ఇప్పుడు కూడా ముట్టుకోవడం లేదు కదరా?"

తమ్ముడు చేతులు తుడుచుకున్నాడు.

"మిషన్ తెచ్చావా అక్కా?" అన్నాడు.